పద్నాలుగో పేరు

ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి ఎస్పరెన్స్ అనే సముద్రపు ఊరికి వెళ్ళొచ్చానని తెలియగానే భీమవరంలోని నా స్నేహితులు అడిగింది ఒక్కటే, అక్కడి సముద్రం ఫోటోల్లో ఉన్నంత నీలంగా ఉంటుందా అని. ఉంటుందట. నేను సరిగ్గా చూడలేదు. అంత దూరం పోయి సముద్రం సరిగ్గా చూడకుండా తిరిగొచ్చిన మనిషి యాత్ర గురించి ఏం రాస్తుందని మీకు అనిపించవచ్చు. దారిలో నాకు తగిలిన షాకుల గురించి రాస్తాను. ఎప్పుడైనా నలుగురు పిల్లల్ని వెంటేసుకుని ఎక్కడికైనా బయలుదేరితే మీకు పనికొస్తుంది.

నేను అప్పుడు పెర్త్‌లో ఐటీ మాస్టర్స్ చదువుతున్నాను. అక్కడ పియారా వాటర్స్ అనే పేటలో సునీత ఆంటీ వాళ్ళింట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆంటీ భర్త ప్రభాకర్ అంకుల్‌ది అమలాపురం. ఇరవయ్యేళ్ళుగా పెర్త్‌లోనే స్కూలు బస్సు నడుపుతూ, సెలవుల్లో సొంత మినీబస్సు మీద టూర్లు వేస్తారు. డిసెంబరులో ఇండోనేషియాలోని మలాంగ్ అనే ఊరి నుంచి హైస్కూలు పిల్లలు స్టడీ టూర్‌కి వస్తున్నారనీ, సాయంగా ఒక ఆడపిల్ల కావాలనీ ఆయన అనగానే నేను ఎగిరి గంతేశాను. ఎస్పరెన్స్ దాకా మూడు రోజుల పని, తిండీ పడకా వాళ్ళవే, పైగా ఊళ్ళు చూడొచ్చు. చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి కూడా మంచి సాకు దొరికింది.

"ఏవుందమ్మా, ఈజీ జాబ్. స్టాపు రాగానే దింపాలి, బయల్దేరేటప్పుడు ఎక్కించి తలకాయలు లెక్కెట్టాలి. అంతే మరి," అన్నారు అంకుల్.

లెక్కపెట్టడం కూడా ఒక పనేనా అని మనసులో నవ్వుకున్నాను. బీటెక్ చదివినదాన్ని.

అచ్చులు లేని పిల్లలు

మొదటి రోజు పొద్దున్న హోటల్ ముందు ఎనిమిది మంది అమ్మాయిలు, ఆరుగురు అబ్బాయిలు నిలబడి ఉన్నారు. అందరూ పదిహేను, పదహారేళ్ళవాళ్ళే. వెంట వచ్చిన టీచరు పేరు రత్న. వాళ్ళు టీచరమ్మని 'బూ' అంటారు కాబట్టి బూ రత్న. ఆవిడకి బస్సు పడదు. ఎక్కగానే మాత్ర మింగి, మొదటి సీట్లో శాలువా కప్పుకుని కళ్ళు మూసుకున్నారు.

నా పేరు చెప్పగానే పిల్లలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కెజియానా? అయితే మీది మనాడోనా, కాక్?" అని అడిగింది ముందు వరసలో ఉన్న దిండా. కాక్ అంటే అక్క. మనాడో వాళ్ళ దేశంలో క్రైస్తవులు ఎక్కువగా ఉండే ఊరట, అక్కడ వీధికొక కెజియా ఉంటుందట. మా నాయనమ్మ బైబిలంతా గాలించి ఎవరికీ లేని పేరు ఏరి పెట్టిందని ఇరవై మూడేళ్ళుగా గొప్పలు పోయినదాన్ని. మొదటి షాక్ అక్కడే తగిలింది.

రెండోది వాళ్ళ ఫోన్ గ్రూపు. బూ రత్న నన్ను అందులో చేర్చారు. బస్సు పెర్త్ పొలిమేర దాటకముందే రెండొందల మెసేజ్‌లు వచ్చి పడ్డాయి. తిరిగి చూస్తే బస్సులో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. పక్క పక్క సీట్లలో కూర్చున్న పిల్లలు ఒకరితో ఒకరు ఫోన్లలో మాట్లాడుకుంటున్నారు. పోనీ చదువుదామంటే ఒక్క మాటలోనూ అచ్చు కనపడదు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కుదించి, సగం మింగేసి రాసే బ్యాచ్ మాది. మేమే పెద్ద ముదుర్లం అనుకునేదాన్ని. వీళ్ళ ముందు మేము గ్రంథాలు రాసినట్టు లెక్క.

దిండా నాకు గురువైంది. 'ఎక్కడ' అనడానికి మూడు అక్షరాలు, 'చాలా' అనడానికి మూడు, 'పరవాలేదు' అనడానికి మూడు. ఆ చివరిదాన్ని గెపెపె అని పలుకుతారు, రోజుకి వంద సార్లు రాస్తారు. కాలు తొక్కినా గెపెపె, ఐస్‌క్రీమ్ కింద పడ్డా గెపెపె. తల్లినీ తండ్రినీ కలిపి ఒకే ముక్క చేసి 'ఓర్తు' అంటారు.

"అమ్మానాన్నల్ని కూడా కోసేశారా?" అన్నాను.

"వాళ్ళకి తెలీదులే కాక్," అంది దిండా తాపీగా.

నవ్వుకి డబ్ల్యూ, కే అనే రెండక్షరాలు మార్చి మార్చి కొడతారు. పైకి చదివితే వెకవెక, మన పకపకలాగే. నవ్వు ఎంత వస్తే అంత పొడుగ్గా రాయాలి. ఇందులో అందరికంటే ముందుండేది నీసా అనే అమ్మాయి, దిండా ప్రాణ స్నేహితురాలు. గ్రూపులో ఆమె వేసే జోకులకి బస్సు బస్సంతా ఊగిపోయేది. నీసా నవ్విందంటే రెండు వరసలు దాటేది. ఎవరబ్బా ఈ గడుగ్గాయి అని వెతికితే, కిటికీ పక్కన బూడిదరంగు హిజాబ్‌లో, అరచేయంత మొహంతో ఒక పిల్ల. మంచినీళ్ళు కావాలా అని అడిగితే నేల చూపులు చూస్తూ తల అడ్డంగా ఊపింది. ఆ పిల్లా ఈ పిల్లా ఒకటేనంటే నమ్మడానికి నాకు అరగంట పట్టింది.

యార్క్‌లో టిఫిను

యార్క్ అనే పాత ఊళ్ళో బేకరీ దగ్గర ఆగాం. మాంసం కూరి కాల్చిన కజ్జికాయ లాంటి 'పై' ఒకటి ఏడున్నర డాలర్లు. నేను మనసులో నాలుగొందల రూపాయలని లెక్క కట్టుకుని ఉసూరుమంటుంటే, పక్కన అబ్బాయిలు వాళ్ళ డబ్బుల్లో లెక్క కట్టి గ్రూపులో పెట్టారు, డెబ్బై ఐదు వేలు. ఒక్క 'పై'కి డెబ్బై ఐదు వేలు. ఆ అంకె చూశాక నా నాలుగొందలు నాకు ఎంతో చవగ్గా కనిపించింది.

హలాల్ కాదని మాంసం పైలు వదిలేసి పాలకూర, చీజ్ పైలు తీసుకున్నారు. చప్పగా ఉన్నాయని ఒక్కొక్కరూ సంచిలోంచి సంబల్ అనే మిరప పచ్చడి పొట్లాలు తీశారు. నాకూ రోషం వచ్చి సునీత ఆంటీ కట్టిచ్చిన ఆవకాయ డబ్బా తీశాను. అందరూ వేలితో నాకారు. నీసా కూడా నాకి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, నోటితో ఒక్క ముక్క అనకుండా ఫోన్ తీసి టైప్ చేసింది. 'ఘోరమైన కారం' అని రాసి, కింద రెండు వరసల వెకవెక.

బాత్రూంల దగ్గర ఇంకో వింత చూశాను. అమ్మాయిలందరి చేతుల్లో ఖాళీ ప్లాస్టిక్ సీసాలు. బయట కుళాయి దగ్గర నింపుకుని లోపలికి వెళుతున్నారు. నేను ఆస్ట్రేలియా వచ్చిన మొదటి రోజు నుంచి హ్యాండ్‌బ్యాగులో దాచుకు తిరుగుతున్న సీసా బయటికి తీసి చూపించాను. అందరం ఒక్కసారిగా నవ్వాం. ఈ కాగితాల దేశంలో నాకు సొంతవాళ్ళు దొరికారు.

బయలుదేరే టైమైంది. "ఎక్కండమ్మా," అని గొంతు చించుకున్నాను. ఎవరూ కదల్లేదు. "అలా కాదు కాక్, లిస్టు పెట్టాలి," అంది దిండా. వాళ్ళ దేశంలో ఏ గ్రూపులోనైనా అదే పద్ధతట. ఒకరు ఒకటో నంబరు వేసి తమ పేరు రాస్తారు. తరువాతివాళ్ళు ఆ మెసేజ్ మొత్తం కాపీ చేసి కింద రెండో పేరుగా తమది చేరుస్తారు. అలా నిమిషంలో పద్నాలుగు పేర్లూ వచ్చేశాయి. నేను తలకాయలు కూడా లెక్కపెట్టాను. సరిగ్గా పద్నాలుగు.

"బానే ఉందే మీ పిల్లల సిస్టమ్," అన్నారు అంకుల్. ఆ సిస్టమ్ నేనే కనిపెట్టినంత గర్వంగా కూర్చున్నాను.

హైడెన్, రాతి కెరటం

ఆ సాయంత్రం హైడెన్ చేరాం. అక్కడొక కొండరాయి కెరటంలా లేచి, విరిగి పడబోతూ ఆగిపోయినట్టు ఉంటుంది. ఐదంతస్తుల మేడంత ఎత్తు. నరసాపురం దగ్గర సముద్రంలో కాళ్ళు తడుపుకుంటూ పెరిగినదాన్ని కదా, కింద నిలబడి తలెత్తగానే పక్కకి తప్పుకోబోయాను. దాన్ని చూసే అవకాశం మాత్రం ఈగలు ఇవ్వవు. కళ్ళల్లో, ముక్కులో, నోట్లో దూరుతాయి. నోరు తెరవకుండా టైప్ చేసుకునే పద్ధతి ఎంత తెలివైందో అప్పుడర్థమైంది.

మరునాడు ఏడింటికి బయలుదేరాలి. ఏడు కొట్టేసరికి ఆరుగురు అబ్బాయిలూ గ్రూపులో ఓతేవే అని పెట్టారు. ఇంగ్లీషులో దారిలో ఉన్నామనే మాటకి పొట్టి రూపం. ఏడూ ఇరవైకి నేను గది తలుపు కొడితే లోపల షవర్ చప్పుడు.

"ఓతేవే అంటే బయలుదేరామని కాదు కాక్. బయలుదేరాలని అనుకుంటున్నాం అని," అంది దిండా.

అంకుల్ స్టీరింగ్ మీద చెయ్యేసుకుని నవ్వారు. "మన పెళ్ళిళ్ళకి ఫోన్ చేసినా అంతే కదమ్మా. దగ్గర్లో ఉన్నావండీ అన్నారంటే ఇంకా తలంటు పోసుకుంటున్నారన్నమాట."

ఆ మాటకి నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఈ పిల్లల భాష నాకు పట్టుబడిపోయిందని ఆ పూట గట్టిగా అనిపించింది. తలకాయలు లెక్కపెట్టడం అప్పటికే మానేశాను. ఎండకి కిటికీ తెరలన్నీ వేసేసి, మొహాల మీద జాకెట్లు కప్పుకుని నిద్రపోయే పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి ఏం లెక్కపెడతాం. లిస్టు నిండిందంటే బస్సు నిండినట్టే అనుకున్నాను.

ఒకే ఒక్క షాపు

హైడెన్ దాటాక ఊళ్ళు అయిపోతాయి. ఒక గోధుమ పొలం, ఆ తరువాత గొర్రెలు, ఆ తరువాత ఏమీ లేదు. మన దగ్గర రెండు ఊళ్ళ మధ్య ఎంత ఖాళీ ఉన్నా ఒక టీ కొట్టు, ఒక గేదె, ఎవరో ఒకరు కనపడతారు. అక్కడ గంటసేపు పోతే ఎదురొచ్చేది ఒక్క లారీ. మనుషులు లేని నేల అంత ఉంటుందని నాకు అంతవరకు తెలియదు, నిజంగా భయం వేసింది.

పన్నెండు కావస్తుండగా రోడ్డు పక్కన ఒక పెట్రోలు పంపు, షాపు వచ్చాయి. చుట్టుపక్కల ఇల్లనేది లేదు. నలభై ఒక్క డిగ్రీల ఎండ. షాపామె పెద్దావిడ, మంచి మనిషి. ఆదివారం కాబట్టి పన్నెండున్నరకి మూసేస్తానని ముందే చెప్పింది. నీళ్ళ సీసా ఐదు డాలర్లనగానే మా వాళ్ళ మొహాలు చూసి, ఒక కవరునిండా ఐసుముక్కలు ఊరికే ఇచ్చింది. బాత్రూంలు షాపు వెనక, కొంచెం దూరంగా ఉన్నాయి. రేకుల గోడలు, రేకుల కప్పు, ఆడవాళ్ళకి ఒకటే.

పన్నెండున్నరకి లిస్టు మొదలైంది. రెండు నిమిషాల్లో పదమూడు పేర్లు వచ్చాయి. ఇంకో నిమిషానికి పద్నాలుగోది, నీసాది. అంకుల్‌కి బొటనవేలు ఎత్తి చూపించాను.

"లెక్కెట్టావా?" అన్నారాయన.

"లిస్టు ఫుల్ అంకుల్," అన్నాను.

బస్సు కదిలింది. నేనన్న ఆ మూడు మాటలు ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

ఉప్పు సరస్సు

డెబ్బై కిలోమీటర్లు పోయాక రోడ్డు పక్కన ఉప్పు సరస్సు వచ్చింది. నీళ్ళు లేవు, కనుచూపు మేర తెల్లటి ఉప్పు, అంచుల్లో గులాబి రంగు. మన దగ్గర ఉప్పు మడులు చూసిన కళ్ళతో చూసినా ఆశ్చర్యమే. పిల్లల్ని వరసగా నిలబెట్టి గ్రూపు ఫోటో తీయబోయాను. అలవాటు కొద్దీ తెరమీద లెక్కపెట్టాను. పదమూడు. ఎవరో వెనక దాక్కున్నారనుకుని మళ్ళీ లెక్కపెట్టాను. పదమూడే.

"నీసా ఏది?"

"ముందు బూ రత్న పక్కన పడుకుంది," అంది దిండా. కడుపులో తిప్పినప్పుడల్లా నీసా ముందుకి పోయి కూర్చునేది. బస్సు దిగుతున్న బూ రత్న నిద్రమొహంతో చూశారు. "నా పక్కన ఎవరూ లేరే," అన్నారు.

నేను బస్సులోకి పరిగెత్తాను. దిండా పక్క సీట్లో నీసా సంచి ఉంది. సీట్ల కింద కూడా వెతికాను, ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. అంకుల్ ఫోన్‌లోనూ లేదు.

"లిస్టులో తన పేరుంది కదా, తనే రాసింది కదా," అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

దిండా మొహం పాలిపోయింది. తన ఫోన్ నా చేతిలో పెట్టింది. లిస్టు జరుగుతున్నప్పుడు నీసా నుంచి ఆమెకి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. ఒకే ఒక్క ముక్క, తిప్సెన్.

"అంటే?"

"నా హాజరు నువ్వు వెయ్యి అని. క్లాసుకి రాకపోతే స్నేహితులు వేస్తారు కదా కాక్. వచ్చేస్తుందిలే అని తన పేరు నేనే చేర్చాను. తరువాత నిద్రపోయాను."

ఇక నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. మా కాలేజీలో దాన్ని ప్రాక్సీ అనేవాళ్ళం. భీమవరంలో నాలుగేళ్ళు నేను ప్రాక్సీకి పెట్టింది పేరు. మూడు గొంతులతో మూడు రోల్ నంబర్లకి పలికేదాన్ని, ఒకసారి ముక్కుతో, ఒకసారి దగ్గుతూ. ఊళ్ళో లేని పిల్ల కూడా క్లాసులో ఉండేది. అదొక గొప్ప స్నేహధర్మంలా చెప్పుకునేవాళ్ళం. అలాంటి నేను, తలకాయ చూడకుండా పేరు చూసి బస్సు కదిలించాను. దిండాని కొట్టాలన్నంత కోపం వచ్చింది, కొట్టే మొహం నాకెక్కడుంది.

"ఎక్కండి," అన్నారు అంకుల్.

వెనక్కి

ఇరవయ్యేళ్ళలో ఒక్క స్పీడు టికెట్ లేని మనిషి ఆయన. ఆ రోజు ముల్లు ఎక్కడుందో నేను చూడలేదు. పదమూడు మంది పిల్లల్లో ఒక్కరూ ఫోన్ ముట్టుకోలేదు. బూ రత్న కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. నేనూ చేస్తున్నాను, మాటలు రావడం లేదు, ప్రభువా ప్రభువా అని అదొక్కటే.

దారంతా నా బుర్రలో ఒకటే లెక్క. పిల్లలందరివీ డేటా సిమ్‌లే, కాల్స్ పోవు. ఆపదలో మూడు సున్నాలు నొక్కాలనీ, దానికి ఏ సిమ్మూ అక్కర్లేదనీ నేను వాళ్ళకి చెప్పలేదు. కంగారూల గురించి అరగంట చెప్పాను. ఇది చెప్పలేదు.

ఒక మిట్ట ఎక్కేసరికి సిగ్నల్ ఒక గీత వచ్చింది. ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. గ్రూపులో నీసా మెసేజ్‌లు. బస్సు ఎక్కడుంది అని ఒకటి. నేను షాపు దగ్గరే ఉన్నాను అని ఒకటి. తరువాత గెపెపె. మళ్ళీ గెపెపె. ఆఖరున, కంగారు పడకండి, గెపెపె, వెకవెక.

"నవ్వుతోంది," అన్నాను. నా ఒళ్ళంతా ఒక్కసారి తేలికైపోయింది. "అంకుల్, పరవాలేదట, నవ్వుతోంది. షాపు దగ్గరే ఉందట." అంకుల్ గట్టిగా ఊపిరి వదిలారు. అబ్బాయిలు చప్పట్లు కొట్టారు. వచ్చేస్తున్నాం, అక్కడే ఉండు అని నేను రాశాను.

దిండా మాత్రం ఏడవడం మొదలుపెట్టింది. "కాక్, ఇది నవ్వు కాదు. నీసా ఎప్పుడైనా నాలుగక్షరాలు నవ్విందా? మూడు సార్లు గెపెపె అంది. ఒకసారి అంటే పరవాలేదు. మూడు సార్లు అందంటే ఏదో అయింది."

"షాపు దగ్గరే ఉన్నానంది కదా."

"షాపు మూసేశారు కదా కాక్. నీడ ఎక్కడుంది?"

ఆ పదహారేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్న నా బుర్రకి తట్టలేదు. చివరి మెసేజ్ వచ్చిన టైము చూశాను. యాభై నిమిషాలైంది. నేను రాసినదానికి జవాబు లేదు.

రెండుంబావుకి షాపు చేరాం. తలుపులు మూసి ఉన్నాయి, షాపామె కారు లేదు. పంపు దగ్గర ఎవరూ లేరు. గోడ నీడ అడుగు వెడల్పు కూడా లేదు, అందులోనూ ఎవరూ లేరు. రోడ్డుకి అటూ ఇటూ ఖాళీ. నీసా, నీసా అని అందరం అరిచాం. నా గొంతు ఆ మైదానంలో పోయి ఎక్కడా తగల్లేదు. ఎవరైనా బండిలో ఎక్కించుకుపోయారేమో అన్న ఆలోచన వచ్చి నేను రోడ్డు మీదికి పరిగెత్తాను.

దిండా వెనక్కి పరిగెత్తింది. ఆ వెంటనే ఆమె కేక వినపడింది.

బాత్రూం తలుపు లోపలినుంచి గడియ పడి ఉంది. లోపల్నుంచి ఎవరో గోటితో రేకుని గీకుతున్న చప్పుడు. అప్పటికి గానీ నాకు మొత్తం అర్థం కాలేదు. గడియ బిగుసుకుపోయింది. ఇంకో నిమిషంలో ఊడుతుందని హాజరు వెయ్యమంది. ఊడలేదు. ఆరుగురు మగపిల్లలున్న గ్రూపులో, డ్రైవరు అంకుల్ కూడా ఉన్న గ్రూపులో, నేను బాత్రూంలో ఇరుక్కుపోయానని రాయడానికి ఆ పిల్లకి చేతులు రాలేదు. దిండాకి విడిగా రాసినా తలుపు తీయడానికి వచ్చేది వాళ్ళే కదా. షాపు దగ్గరే ఉన్నానని రాసింది. పదిహేనేళ్ళప్పుడు నేనైనా అంతే రాసేదాన్ని.

అంకుల్ టైరు మార్చే ఇనపకడ్డీ తెచ్చి గడియ దగ్గర దూర్చి రెండు తన్నులు తన్నారు. తలుపు తెరుచుకోగానే కొలిమి ముందు నిలబడ్డంత వేడి మా మొహాల మీద కొట్టింది. నీసా మూలకి చేరగిలబడి ఉంది. మొహం కందగడ్డలా ఉంది, పెదాలు పగిలి ఉన్నాయి, చెమట కూడా ఆగిపోయింది. పక్కన ఖాళీ సీసా. కుళాయి బయట ఉంది కాబట్టి లోపల ఆమెకి ఉన్న నీళ్ళన్నీ కడుక్కోవడానికి పట్టుకెళ్ళిన ఆ సీసాలో మిగిలినవే. అవే తాగింది.

నన్ను చూసి ఏదో గొణిగింది. వంగి విన్నాను. సారీ కాక్, అంటోంది. అందర్నీ లేట్ చేశానట.

ఆసుపత్రి వరండా

ఆపద నంబరుకి ఫోన్ చేస్తే, అంబులెన్సు రావడానికి గంటన్నర పడుతుంది, మీరే తీసుకొస్తే గంట అన్నారు. సీటు మీద పడుకోబెట్టి, షాపామె ఇచ్చిన ఐసులో మిగిలిన చల్లనీళ్ళతో గుడ్డలు తడిపి ఒళ్ళంతా వేశాం. ఎలా చల్లబరచాలో, నీళ్ళు గుక్కెడు గుక్కెడు ఎలా పట్టాలో మేము బయలుదేరే దాకా ఫోన్‌లో ఆపద నంబరావిడ చెబుతూనే ఉంది. గంటకి చేరిన ఊరు చిన్నది, ఆసుపత్రి ఇంకా చిన్నది, ఎనిమిది మంచాలు. సెలైన్ పెట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే వేరేగా ఉండేదని డాక్టరు నాతో నెమ్మదిగా అంది. వేరేగా అంటే ఏమిటని నేను అడగలేదు.

"ఎలా ఉన్నావమ్మా?" అని నర్సు అడిగిన ప్రతిసారీ నీసా బాగున్నానని చెప్పింది. డాక్టరుకీ అదే చెప్పింది, నాకూ అదే. కంట్లో ఒక్క చుక్క లేదు.

"పిల్లలకి బాధ్యత ఎవరిది?" అని నర్సు కాగితం తీసింది. బూ రత్న నోరు తెరిచే లోపల నాదే అన్నాను. అక్షరం అక్షరం చెప్పి నా పేరు రాయించాను.

తరువాత అసలు పేచీ వచ్చింది. వాళ్ళమ్మకి చెప్పొద్దని నీసా బతిమాలింది. భోంచేశాను, అంతా బావుందని అప్పటికే మెసేజ్ పెట్టేసిందట. ఇంటికి చేరాక నెమ్మదిగా చెబుదామని బూ రత్న కూడా అన్నారు. నేను అంకుల్ వైపు చూశాను.

"మా పిల్లకి ఇలా అయ్యుంటే నాకు ఎప్పుడు చెప్పాలంటావమ్మా?" అన్నారాయన.

వరండాలోకి వచ్చి ఫోన్ చేశాను. దిండా పక్కన నిలబడి నా మాట ఒక్కొక్కటీ వాళ్ళ భాషలోకి మార్చి చెప్పింది. నా పేరు కెజియా అన్నాను. మీ అమ్మాయి ఇప్పుడు క్షేమంగా ఉంది, ఆసుపత్రిలో ఉంది. బస్సు ఎక్కిన పిల్లల్ని లెక్కపెట్టడం నా పని. నేను లెక్కపెట్టలేదు. మీ అమ్మాయి దాదాపు రెండు గంటలు ఎండలో, రేకుల గదిలో ఉండిపోయింది. తప్పు నాది, ఇంకెవరిదీ కాదు. చివరి మాట చెప్పేటప్పుడు దిండా ఆగింది. చెప్పమన్నాను.

అప్పుడు నీసా వాళ్ళమ్మ మొదలుపెట్టారు.

రెండు రోజులుగా ఆ భాష ముక్కలు ముక్కలుగా విన్నాను, చదివాను. ఆవిడ ఒక్క అక్షరం కూడా మింగలేదు. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు.

"పద్నాలుగు దాకా లెక్కపెట్టడం రాదా నీకు అంటున్నారు," అంది దిండా. "నీ కడుపున పుట్టిన పిల్లయితే అలాగే వదిలేస్తావా అంటున్నారు." ఇంకో రెండు ముక్కలు విని నా మొహం వంక చూసింది. "మిగతావి నేను చెప్పలేను కాక్."

"చెప్పక్కర్లేదు. అర్థమవుతోంది," అన్నాను.

దిండా మాట నాకూ, నా మాట ఆవిడకీ వినపడాలని స్పీకర్ పెట్టి ఉంచాం. దోమతెర తలుపు అవతలే నీసా మంచం. తల్లి అరుపు అక్కడిదాకా వినపడింది. బాగున్నాను బాగున్నాను అంటున్న పిల్ల ఒక్కసారిగా బావురుమంది. 'ఇబూ' అని, అమ్మా అని, చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. ఫోన్‌లో గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది, ఈసారి ఇంకా గట్టిగా, కూతురి మీద.

నేను లోపలికి వెళ్ళి ఫోన్‌ని నీసా దిండు మీద, చెవి పక్కన పెట్టాను. నన్ను తిట్టాల్సినవి ఇంకా మిగిలి ఉంటాయని మంచం పక్కనే నిలబడ్డాను.